మహారాజశ్రీ ఉగ్గబట్టుకోవడం గారికి

మహారాజశ్రీ ఉగ్గబట్టుకోవడం గారి సముఖమునకు, నడివయసు స్త్రీలలో ఒకరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరి కొలువులో మేము చిన్ననాడే చేరాము. తలుపుకు గొళ్ళెం లేని బడి మరుగుదొడ్డి మమ్మల్ని తమరికి అప్పగించింది. తరువాత నీళ్ళు రాని కార్యాలయాలు, ఎక్కడా ఆగని రాత్రి బస్సులు తమరి పాలనను స్థిరపరచాయి. నీళ్ళ సీసా ఒడిలో ఉన్నా గుక్కెడు తాగకుండా ఊరు చేరడం మాకు అబ్బిన మొదటి విద్య. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు టికెట్టు ఉచితమైంది గాని, బస్సు దిగాక మరుగుదొడ్డి గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చున్న మనిషి చేయి చాపడం మానలేదు. అడిగిన చిల్లర ఇచ్చి లోపలికి వెళ్ళి, ముక్కు మూసుకుని, వెళ్ళిన పని కానివ్వకుండానే తిరిగివచ్చిన ప్రతి స్త్రీ తమరి ఖాతాలోనే జమ.

తమరికి ఎదురు తిరిగినవారు లేకపోలేదు. కోళిక్కోడ్ మిఠాయి వీధి దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు, మరుగుదొడ్డి అడిగితే నీళ్ళు తక్కువ తాగమన్న సలహా విని విసిగి, విజి పెన్‌కూట్టు నాయకత్వంలో సంఘం కట్టారు. ఆ పోరు కూర్చునే హక్కు దాకా సాగి, 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించేలా చేసింది. మా ఊళ్ళలో తమరికి ఇంకా అలాంటి పరాభవం జరగలేదు.

మా ఫిర్యాదు అది కాదు. ఇన్నేళ్ళు సేవ చేయించుకుని, తీరా యాభై దగ్గరపడ్డాక తమరు మమ్మల్ని నడివీథిలో వదిలి వెళ్ళిపోయారు. కాన్పులలో సాగిన కటి కండరాలు, ముట్లు ఉడిగే వేళకు పడిపోయిన ఈస్ట్రోజెన్, తీరని మలబద్ధకం, పెరిగిన బరువు అన్నీ కలిసి కింది పట్టు సడలుతుంది. మా అక్కయ్య ఎండుమిరపకాయలు నూనెలో వేసే ముందు స్టవ్వు తగ్గించి, కాలికి కాలు మెలివేసి, రెండో చేత్తో గట్టు అంచు పట్టుకుని నిలబడుతుంది. పోపు ఘాటుకు ఒక్క దగ్గు వస్తే చాలు, చీర మార్చుకోవాలి. పెళ్ళికి వెళితే ముదురు రంగు చీర, చివరి వరుస కుర్చీ, బాత్రూం ఎటువైపో తెలిశాకే పలకరింపులు. అలాంటప్పుడు తమరు ముఖం చాటేసి, తమ్ముడు ముందుజాగ్రత్త గారిని పంపుతారు. గడప దాటే ప్రతిసారీ, రాకపోయినా సరే, ఒకసారి వెళ్ళిరమ్మంటాడాయన. ఆయన మాట వినీ వినీ, నాలుగైదు వందల మిల్లీలీటర్లు పట్టే మూత్రాశయం కాస్త నిండగానే గోల చేయడం నేర్చుకుంటుంది. నీళ్ళు మానేయమనేదీ ఆయనే. చిక్కబడిన మూత్రం మరింత తొందరపెడుతుందని మాత్రం చెప్పడు.

కింద ఓడిన తమరు ఇప్పుడు మా నోటి దగ్గర కొలువు తీరారు. షుగరుకు, బీపీకి, మోకాళ్ళకు ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగే మేము ఈ ఒక్క మాటను ఉగ్గబట్టుకునే ఇంటికి వస్తాము. డాక్టరు అడగరు, మేము చెప్పము. చెప్పిన చోట ఈ వయసుకు మామూలే అంటారు, లేదా గర్భసంచి తీసేద్దామంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది మన రెండు రాష్ట్రాల్లోనే. దగ్గితే మూత్రం పడడానికి అది వైద్యం కాదు సరికదా, తరువాత ఈ బెడద ముదిరే అవకాశమూ ఉంది.

అసలు మందు తమరి విద్యలోనే సగం ఉందని తెలిసి నాకు నవ్వు వచ్చింది. అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే ఈ కటి కండరాల వ్యాయామం గురించి రాశాడు. నలుగురిలో గ్యాస్ ఆపుకున్నట్టు కింది కండరాలను పైకి లాగి కొన్ని సెకన్లు పట్టి ఉంచి, తరువాత మళ్ళీ అంతే సేపు పూర్తిగా వదలాలి. విడతకు ఎనిమిది పది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. ఊపిరి బిగించకూడదు, మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు. పట్టడం తమరి దగ్గర నేర్చుకున్నదే. వదలడం నేర్చుకోవడానికే ఫిజియోథెరపిస్టు అవసరమవుతోంది. ఉన్నట్టుండి తన్నుకువచ్చే తొందరకు మందులు, గర్భసంచి జారితే దాన్ని నిలపడానికి లోపల అమర్చే రింగు, వీటికి లొంగని లీకుకు శస్త్రచికిత్స, అన్నీ ఉన్నాయి.

ఇంత రాసినా తమరిని పూర్తిగా సాగనంపలేకపోతున్నాను. డాక్టరమ్మకు నోరు విప్పి చెప్పాను. ఆమె స్కానింగు రాసి, ఉదయమే లీటరు నీళ్ళు తాగి, మూత్రం పోయకుండా రమ్మన్నారు. అక్కడ వరుస చాలా పొడవుగా ఉంటుందట. కనుక సోమవారం తొమ్మిది గంటల నుంచి నా పేరు పిలిచేదాకా తమరు తప్పక దగ్గరుండి సాయపడవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
తమరి పూర్వ సేవకురాలు