మళ్లీ ఊరే వరుస చివరనా?

డిజిటల్ రేడియోపై టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 అక్టోబరులో కేంద్రానికి అందజేసిన సిఫార్సులు ప్రైవేటు ప్రసారకర్తల కోసమని వాటి శీర్షికే చెబుతోంది. హైదరాబాద్ సహా 13 నగరాలతో ఆరంభం. ఒకే ఫ్రీక్వెన్సీపై ఇప్పటి ఎఫ్‌ఎం ప్రసారంతో పాటు మరో మూడు డిజిటల్ చానళ్లు నడపవచ్చట. గొంతు ఉన్నవారికే మరో మూడు గొంతులు! 100 వాట్లతో పది కిలోమీటర్ల మేర వినిపించే, స్థానికులే నడుపుకొనే కమ్యూనిటీ రేడియో ఈ లెక్కలో ఎక్కడుంది?

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయినా ఎఫ్‌ఎం ముందుగా వేలంపాటకు వెళ్లింది. కమ్యూనిటీ రేడియో నడిపేందుకు స్వచ్ఛంద సంస్థలకు తలుపు తీసింది 2006లో. ఈలోగా జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో దళిత మహిళలు కార్యక్రమాలు తామే రికార్డు చేసుకొని, వాటిని ప్రసారం చేసే అనుమతి లేక, సంఘాల సమావేశాల్లో క్యాసెట్లు వేసి వినిపించారు. వారి సంఘం రేడియో ప్రసారం మొదలైంది 2008 అక్టోబరులో. ముందు వేలం, తర్వాత ఊరు అన్న ఆ వరుసే డిజిటల్‌లోనూ ఆనవాయితీ అవుతుందన్నదే మా ఆందోళన.

బ్రిటన్‌లోనూ మొదట అంతే. అక్కడ పలు డిజిటల్ స్టేషన్లను కలిపి ఒకే ఫ్రీక్వెన్సీపై పంపే ప్రసార వ్యవస్థను మల్టీప్లెక్స్ అంటారు. పెద్ద మల్టీప్లెక్స్‌ల అద్దె చిన్న స్టేషన్లకు తలకు మించిన భారం. మామూలు కంప్యూటర్, ఉచిత సాఫ్ట్‌వేర్, తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్‌తో చిన్న మల్టీప్లెక్స్ నడపవచ్చని 2012లో బ్రైటన్‌లో మొదలైన ప్రయోగం రుజువు చేశాక, 2015లో పది ప్రాంతాల్లో పరీక్షించి, 2017లో చట్టమే తెచ్చారు. అక్కడ ఒకే టవర్ ఖర్చును పలు స్థానిక స్టేషన్లు పంచుకుంటాయి. కమ్యూనిటీ రేడియోలకు కొంత చోటు విడిగా ఉంచడం తప్పనిసరి.

డిజిటల్ ప్రసారాలు అందుకునే రిసీవర్లు జనం దగ్గర లేవు కనుక మార్కెట్ ఉన్నచోటే మొదలుపెట్టాలన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ రిసీవర్ల కోసం ఆగడం వేరు, విధానపత్రంలోనే ఊరికి చోటు లేకుండా చేయడం వేరు. ఫ్రీక్వెన్సీలన్నీ వేలంలో పోయాక రిసీవర్లు వచ్చి ఏం లాభం?

తుది విధానం రాసే సమాచార, ప్రసార శాఖ జిల్లాకొక ఫ్రీక్వెన్సీని, వేలంతో పనిలేకుండా, చిన్న స్టేషన్లకు ఉమ్మడిగా ఇప్పుడే కేటాయించాలి. ప్రజల ఆస్తిని పాటకు పెట్టి, ప్రజలనే గడప బయట నిలబెట్టడం ఒకసారి జరిగితే పొరపాటనుకోవచ్చు. పస్తాపూర్ ఉదంతం తెలిసీ రెండోసారి అదే చేస్తే దాన్ని పొరపాటనరు.