పగడానికి పరామర్శ

మొన్న మే నెలలో మా ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేకుండా పోయింది. ముఖం ముడుచుకుని కూర్చుంది. తిండి ముట్టదు. ఒంటి మీద మైనం రాసినట్టు ఒక నిగనిగ. పలకరిస్తే పలకదు. ఆ మాటకొస్తే బాగున్నప్పుడూ పలకదు. దానికి నోళ్లు వందల్లో ఉన్నాయి గానీ అన్నీ తినడానికే. అది పగడం. హాల్లో టీవీ ఉండాల్సిన చోట, 200 లీటర్ల ఉప్పునీళ్ల తొట్టిలో ఉంటుంది.

హైదరాబాద్‌లో పగడమేమిటని అడిగేవారికి నా జవాబు సిద్ధంగా ఉంది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, 500 మీటర్లు దాటిన ఎత్తులో, బండరాళ్ల మీద కూర్చున్న ఈ ఊరు తరతరాలుగా ముత్యాల నగరమని పిలిపించుకుంటోంది. పత్తర్‌గట్టిలో ముత్యం అమ్మితే లేని తప్పు నిజాంపేటలో పగడం పెంచితే వచ్చిందా?

మా మేనత్తకు ఈ వాదన నచ్చలేదు. "పగడం ఉంగరంల పెట్టుకుంటే కుజుడు శాంతిస్తడు. నీళ్లల్ల పెట్టి మేపితే ఎవరు శాంతిస్తరు బిడ్డా?" అంది. ఉంగరంలోది ఎప్పుడో చచ్చిపోయిన పగడపు ఎముక అత్తా, మాది ప్రాణమున్నది అన్నాను. "అంటే సచ్చినంకనే దానికి ఇలువ అన్నట్టు" అని ముగించింది.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎవరైనా ఫిర్యాదు చేసే ముందు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూలులోనే 2001 నుంచి రాతి పగడాలన్నీ ఉన్నాయి. దిబ్బలు కట్టే పగడాన్ని ఇంట్లో పెట్టుకోవడమంటే బాల్కనీలో పులిని కట్టేసుకోవడమే. నాది ఆ జాబితాలో లేని మెత్తటి రకం, పుట్టగొడుగులా ఉండే లెదర్ కోరల్. దాని ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. తొట్టి మీది వెలుగుతో ఆ నాచు వండుతుంది, పగడం తింటుంది. అద్దెకున్నవాళ్లు ఓనరుకు వండిపెట్టే ఇల్లు హైదరాబాద్ మొత్తానికి ఇదొక్కటే అనుకుంటాను. నీళ్లు బాగా వేడెక్కితే మాత్రం ఓనరు తిక్క పుట్టి అద్దెవాళ్లను వెళ్లగొడతాడు. ఆ తరువాత వండిపెట్టే దిక్కులేక తెల్లబోతాడు. శాస్త్రవేత్తలు దీన్నే బ్లీచింగ్ అంటారు.

మాది తెల్లబోలేదు, ముడుచుకుంది. అందుకే అనుమానాలు నాలుగు వైపులకూ పోయాయి.

మొదటి అనుమానం నీళ్ల మీద. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, వేసవిలో 800 దాటుతుంది. బోరు ఎండితే ట్యాంకర్ వస్తుంది, ఆ నీళ్ల టీడీఎస్ ఎంతో డ్రైవర్‌కే తెలియదు. ఈ నీళ్లతో స్నానం చేసి నా జుట్టు సగం ఊడింది. దాని మీద ఇంట్లో ఒక్క సమావేశం కూడా జరగలేదు. పగడానికి మాత్రం టీడీఎస్ సున్నా చేసిన నీళ్లలో ప్రత్యేకమైన ఉప్పు కలిపి పోయాలి. ఆ మిషన్ బాత్రూంలో విడిగా ఉంది. అయితే నేను ఊరెళ్లిన రెండు రోజులు మా అబ్బాయి వంటింటి ఫిల్టర్ నీళ్లు పోశాడేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే అది రాగి కలిపే ఫిల్టర్. రాగి మనిషికి మంచిదని అమ్మినవాడు చెప్పాడు. మనిషి సంగతి వదిలేయండి, వెన్నెముక లేని సముద్రజీవులకు రాగి విషం. ఈ ముక్క మా ఆవిడకు చెబితే, "మీ ఆఫీసులో అందరూ రాగి సీసా నీళ్లేగా తాగేది, ఏమైంది వాళ్లకి?" అంది. సమాధానం దొరకలేదు.

అబ్బాయిని గంటసేపు విచారించాను. నిర్దోషి. అసలు వాడు నీళ్లే పోయలేదట.

దాంతో రెండో అనుమానం ఉప్పు మీదికి మళ్లింది. తొట్టి నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. బయట 42. నీళ్లు చల్లబరిచే చిల్లర్ మిషన్ ధర చూసి ఫ్యాను పెట్టినవాణ్ణి నేను. ఫ్యాను గాలికి నీళ్లు చల్లబడతాయి, నిజమే, కానీ రోజుకు రెండు మూడు లీటర్లు ఆవిరైపోతాయి. తగ్గిన నీళ్లకు నేను శ్రద్ధగా ఉప్పునీళ్లు పోస్తూ వచ్చాను. ఉప్పునీళ్ల తొట్టికి ఉప్పునీళ్లే పోయాలి కదా! మా ఆవిడ స్టవ్ దగ్గర నుంచే తీర్పు చెప్పింది: "పప్పుచారు మరిగి ఇంకిపోతే మళ్లీ ఉప్పు వేస్తారా, నీళ్లు పోస్తారా?" ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. కొలిచి చూస్తే లీటరుకు 35 గ్రాములు ఉండాల్సిన ఉప్పు 38కి చేరింది. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివింది నేను.

ఈలోపు వార్త బ్లాకంతా పాకింది. పరామర్శలు మొదలయ్యాయి.

మూడో అంతస్తులో నీటిపారుదల శాఖలో రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయనకు నీరంటే టీఎంసీల్లోనే అర్థమవుతుంది. తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత, డెడ్ స్టోరేజీ ఎంత అని అడిగి, పూడిక తీయించమని ఆదేశించి వెళ్లారు. అడుగున ఇసుక మొత్తం ఒక్కసారి కెలికాను. తొట్టి మూసీలా అయింది. ఎదురింటాయన కాల్షియం తగ్గిందేమో చూడమన్నాడు. రాతి పగడమైతే ఆ మాటకు అర్థముంది, 420 చుట్టూ ఉంచుతారు. మాదానికి ఒంట్లో సన్నటి సున్నపు రేణువులు తప్ప చెప్పుకోదగ్గ ఎముకే లేదు. అయినా పెద్దమనిషి నొచ్చుకుంటాడని కాల్షియం పోశాను. చేపలమ్మే కొట్టువాడు ఒక సీసా ఇచ్చాడు. లోపలేముందో సీసా మీద లేదు, ధర మాత్రం ఉంది. అదీ పోశాను.

నాలుగో రోజు సాయంత్రం హాల్లో పన్నెండు మందిమి. ఏసీ వేసి, కిటికీలు మూసి, టీలు తాగుతూ చర్చించాం. పీహెచ్ 8.2 నుంచి 7.9కి పడింది. పంపు పాడైందేమోనని కంగారుపడి వెతికితే అసలు కారణం వేరు. మూసిన గదిలో అంతమంది వదిలిన బొగ్గుపులుసు గాలి నీళ్లలోకి దిగింది. పరామర్శకు వచ్చినవాళ్ల ఊపిరే రోగికి చేటు చేసిందన్నమాట. కిటికీలు తెరవబోతే కింద దోమల మందు పొగ బండి వచ్చింది. ఆ మందు చేపలకూ రొయ్యలకూ దోమకంటే ముందు తగులుతుంది. దోమకు తగలగా నేనెప్పుడూ చూడలేదు. కాబట్టి కిటికీలు మళ్లీ మూశాం, మళ్లీ ఊపిరి వదిలాం.

ఇక నా సొంత నేరం ఒకటుంది. నెల రోజులుగా, తొట్టి మురికికి కొలతలైన నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా అని వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటున్నాను. శుభ్రతకు పరాకాష్ఠ అనుకున్నాను. తీరా తెలిసిందేమిటంటే, అవి బొత్తిగా లేకపోతే పగడం పస్తులుంటుంది. నైట్రేట్ ఓ అయిదో పదో ఉంటేనే దానికి కాస్త ఒళ్లు పడుతుంది. రోజూ ఆఫీసుకు హుస్సేన్‌సాగర్ పక్కనుంచే వెళతాను. ముక్కు మూసుకుని, ఈ నీళ్లు ఎవరో ఒకరు పట్టించుకోవాలి అనుకుంటూ ట్యాంక్‌బండ్ దాటి, ఇంటికొచ్చి నా 200 లీటర్లను సున్నాకి దించేవాణ్ణి.

అయిదు రోజుల్లో రోగికి జరిగిన సేవ ఇది: ఉప్పు దించాం, కాల్షియం ఎక్కించాం, ఇసుక కెలికాం, సీసా పోశాం, వెలుగు సగం చేసి మళ్లీ పెంచాం, కుడి మూల నుంచి ఎడమ మూలకు, అక్కడి నుంచి మధ్యకు మార్చాం. ఎవరి మాటా తీసేయలేదు. ప్రజాస్వామ్యంలో ఇంతకంటే ఏం చేస్తారు?

ఆరో రోజు మేనత్త బల్కంపేట నుంచి ఎల్లమ్మ తీర్థం సీసాలో పట్టుకొచ్చింది. అమ్మవారు బావిలో వెలిసిన తల్లి, ఆ నీళ్లతో రోగాలు పోతాయని నమ్మకం. నమ్మకాన్ని కాదనే ధైర్యం నాకు లేదు, ఆ సీసాను టీడీఎస్ మీటరుతో కొలిచే ధైర్యం అంతకన్నా లేదు. బాగా ఆలోచించి తీర్థాన్ని నా నెత్తిన చల్లుకున్నాను. "దానికి గాదురా?" అంది అత్త. జబ్బు నాకే ఉందేమో అత్తా, చూద్దాం అన్నాను. అత్త ఒప్పుకోలేదు. నయమైతే బోనం పెడతానని అక్కడికక్కడే మొక్కేసింది.

తొమ్మిదో రోజు పొద్దున పగడం ఒంటి మీద నుంచి ఒక పొర లేచింది. చల్లారిన పాల మీద మీగడ తెట్టులా ఒక అంచు విడి, వేవ్‌మేకర్ అలకు ఊగుతూ, మధ్యాహ్నానికి మొత్తం ఊడి కొట్టుకుపోయింది. సాయంత్రానికి వందల నోళ్లూ తెరిచి, లేత పసుపు రంగులో, ఏమీ ఎరగనట్టు ఊగుతోంది.

లెదర్ కోరల్ అప్పుడప్పుడూ చేసే పనే అదట. ఒంటి మీద నాచూ చెత్తా పేరుకుంటే నోళ్లు మూసుకుని, మైనపు పొర కట్టి, కొన్నిసార్లు రెండు వారాల దాకా అలాగే ఉండి, పొర విడిచి బయటికొస్తుంది. నల్లటి మచ్చ పడి మెత్తబడితేనో, కుళ్లు వాసన వస్తేనో భయపడాలి. లేకపోతే అల కాస్త గట్టిగా తగిలేలా చూసి ఊరుకోవాలి. ఈ ఊరుకోవాలి అన్న మందు ఏ కొట్టులోనూ దొరకదు, అమ్మితే ఎవరికీ గిట్టదు.

నయమైన సంగతి తెలిసి మూడో అంతస్తు పెద్దాయన పూడికతీత ఫలితాలు చూసుకోవడానికి వచ్చారు. ఎదురింటాయన కాల్షియం గురించి ఇద్దరికి చెప్పాడట. కొట్టువాడు రెండో సీసా పక్కన పెట్టి ఉంచానన్నాడు. ఎవరి వైద్యం పనిచేసిందన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. మా ఆవిడ పప్పుచారు ఊసే ఎత్తడం లేదు, అదే నాకు భయంగా ఉంది.

వచ్చే ఆదివారం బోనం ఎత్తడానికి అందరం బల్కంపేట వెళ్లాలి. ఆ రోజు తొట్టికి కాపలా ఎవరుండాలా అని చూస్తున్నాం. నిన్న సాయంత్రం నుంచి పక్కనున్న చిన్న పగడం కూడా కొంచెం ముడుచుకున్నట్టుంది.