బడ్జెట్ పద్దుల్లో బాబీ జిందాల్

బాబీ జిందాల్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన దగ్గర మాట రెండు దారుల్లోనే నడుస్తుంది. 2007లో ఆయన లూసియానా గవర్నర్‌గా గెలిచినప్పుడు, అమెరికాలో తొలి భారతీయ సంతతి గవర్నర్ అంటూ ఇక్కడి పత్రికలు పండగ చేశాయి. 2015లో అధ్యక్ష పదవికి పోటీకి దిగుతూ, ఇండియన్ అమెరికన్ వంటి జంట గుర్తింపులతో విసిగిపోయామని, మనమంతా అమెరికన్లమేనని ఆయన ప్రకటించగానే, పొగిడిన నోళ్లే మూలాలు మరిచాడని ఈసడించాయి. పీయూష్‌గా పుట్టినవాడు బాబీ ఎందుకయ్యారు, హిందూ కుటుంబంలో పుట్టి క్యాథలిక్ మతం ఎందుకు తీసుకున్నారు అన్నవి ఆయన సొంత వ్యవహారాలు. వాటితో లూసియానా పౌరుడికి వచ్చిన లాభం లేదు, పోయిన నష్టమూ లేదు. ఆయన మీద మోపవలసిన అసలు అభియోగం వేరే ఉంది. తన తల్లిదండ్రులను ఆ దేశానికి రప్పించిన ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్నే, గవర్నర్ కుర్చీలో కూర్చున్న ఎనిమిదేళ్లలో ఆయన దివాలా ప్రకటన అంచుకు తీసుకెళ్లారు.

1971లో పంజాబ్ నుంచి గర్భవతిగా బయలుదేరిన రాజ్ జిందాల్ చేరింది లూసియానా స్టేట్ యూనివర్సిటీకి, భౌతికశాస్త్రంలో పరిశోధన కోసం. ఆ జూన్‌లో, ఆ యూనివర్సిటీ ఉన్న బాటన్ రూజ్‌లో పుట్టిన కొడుకు ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలలోనే హైస్కూలు చదువు ముగించి, బ్రౌన్ విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి రోడ్స్ స్కాలర్‌గా ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాడు. 24 ఏళ్లకే రాష్ట్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి. 28 ఏళ్లకు యూనివర్సిటీ ఆఫ్ లూసియానా సిస్టమ్ అధ్యక్షుడు. ఈ రెండు పదవులను గుర్తుపెట్టుకోవాలి. ఆ రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రి ఎలా నడుస్తుందో, ప్రభుత్వ కళాశాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో లోపలి నుంచి చూసి వచ్చిన గవర్నర్ ఆయన. తెలియక చేశారని అనడానికి వీల్లేదు.

ఆయన గెలుపును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1991లో, తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ మాజీ నాయకుడు డేవిడ్ డ్యూక్‌కు గవర్నర్ ఎన్నికలో తెల్లవారి ఓట్లలో ఎక్కువ భాగం పడిన రాష్ట్రం అది. 2003లో క్యాథలీన్ బ్లాంకో చేతిలో స్వల్ప తేడాతో ఓడిన జిందాల్, కత్రినా తుపాను తరువాతి నిస్పృహ నడుమ 2007లో తొలి విడతలోనే 54 శాతం ఓట్లతో గెలిచారు. 2011లో దాదాపు మూడింట రెండొంతుల ఓట్లు వచ్చాయి. అంతటి ఆదరణ పొందిన నాయకుడికి ఏ ముఠాకూ తలవంచవలసిన అవసరం లేదు. అయినా వంచారు.

2002లో లూసియానా ఓటర్లు స్టెల్లీ ప్రణాళికను ఆమోదించి, తిండి సరుకులపై, ఇంటి కరెంటుపై అమ్మకపు పన్ను తగ్గించుకుని, అందుకు బదులుగా ఎగువ ఆదాయవర్గాలపై ఆదాయపు పన్ను పెంచుకున్నారు. 2008లో చమురు ధర ఆకాశంలో ఉండి ఖజానా నిండుగా ఉన్న రోజుల్లో, ఆ ఆదాయపు పన్ను పెంపును రద్దు చేసే బిల్లుపై జిందాల్ మొదట తటపటాయించి చివరికి సంతకం పెట్టారు. మాంద్యం వచ్చింది, రాబడి పడిపోయింది, గుంట మిగిలింది. ఆ గుంటను ఏటా ఒక్కసారికి మాత్రమే దొరికే సొమ్ముతో, ఆస్తుల అమ్మకాలతో, నిధుల మళ్లింపుతో పూడుస్తూ వచ్చారు. ఉన్నత విద్యకు రాష్ట్రం ఇచ్చే నిధులలో దేశంలోకెల్లా అతి పెద్ద కోతలు పడిన రాష్ట్రాలలో లూసియానా ఒకటైంది. ఆ భారం ఫీజుల రూపంలో విద్యార్థుల నెత్తిన పడింది. 2015 ఏప్రిల్ నాటికి, సుమారు 160 కోట్ల డాలర్ల లోటు ఎదురుగా ఉండగా, లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటనకు, అంటే ఒక రకమైన దివాలా ప్రకటనకు, కాగితాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టింది.

ఆ వేసవిలో జరిగిన తంతును కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే జిందాల్ పాలన మొత్తం అందులో ఉంది. పన్నులు పెంచకపోతే కళాశాలలు మూతపడతాయి. పెంచితే, వాషింగ్టన్‌లో గ్రోవర్ నార్క్విస్ట్ నడిపే పన్ను వ్యతిరేక సంస్థకు గవర్నర్ చేసిన ప్రమాణం భంగమవుతుంది. దీనికి కనిపెట్టిన ఉపాయం పేరు ‘సేవ్’. విద్యార్థి పేరిట సుమారు 1,500 డాలర్ల రుసుము విధిస్తారు. దాన్ని విద్యార్థి కట్టడు. అంతే మొత్తానికి పన్ను రాయితీ పుడుతుంది; దాన్ని విద్యార్థి వాడుకోడు. ఆ రాయితీ ఉన్నత విద్యా మండలికి బదిలీ అవుతుంది. ఎవరి జేబులో నుంచీ ఒక్క డాలరు కదలదు, కళాశాలకు ఒక్క డాలరు కొత్తగా చేరదు, కానీ కాగితం మీద మాత్రం పన్ను తగ్గింపు ఒకటి కనిపిస్తుంది. దాన్ని చూపి, అదే సమావేశాల్లో సిగరెట్ల మీద, వ్యాపారాల మీద పెంచిన పన్నులకు చెల్లు వేశారు. సొంత రిపబ్లికన్ పార్టీ శాసనసభ్యులే చిరాకుపడి నార్క్విస్ట్‌కు లేఖ రాశారు. చివరికి వేరే దారి లేక ఓటు వేశారు. ఆ జూన్ 24న లూసియానాలోని కెన్నర్‌లో వేదికెక్కిన జిందాల్, పన్ను పెంచని గవర్నర్‌గా అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వం ప్రకటించారు. నవంబరుకల్లా పోటీ నుంచి తప్పుకున్నారు. రిపబ్లికన్ అభ్యర్థుల ప్రధాన చర్చా వేదిక మీద ఆయనకు ఒక్కసారి కూడా చోటు దొరకలేదు.

ఆసుపత్రుల కథ ఇంతకన్నా కఠినం. పేదలకు దశాబ్దాలుగా వైద్యం చేసిన ప్రభుత్వ ధర్మాసుపత్రుల వ్యవస్థను ఆయన ప్రైవేటు నిర్వాహకులకు అప్పగించారు. బాటన్ రూజ్‌లోని అర్ల్ కె. లాంగ్ ఆసుపత్రి 2013లో మూతపడింది. అక్కడికి వెళ్లే రోగులు పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రి మీద పడ్డారు. బీమా లేని రోగుల భారం మోయలేక, 2015లో ఆ ఆసుపత్రి తన అత్యవసర విభాగాన్ని మూసేసింది. పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ విస్తరణకు తొలి మూడేళ్లు మొత్తం ఖర్చు కేంద్రమే భరిస్తానన్నా ఆయన వద్దన్నారు. ఆరోగ్య శాఖను నడిపిన మనిషికి ఆ లెక్క అర్థం కాలేదంటే నేను నమ్మను.

ఆయన పక్షాన చెప్పదగినవి లేకపోలేదు. లూసియానా రాజ్యాంగం, చట్టాలు ఖజానాలో చాలా భాగాన్ని ముందే పద్దులవారీగా కట్టిపడేస్తాయి కనుక, కోత పడితే వైద్యం మీద, ఉన్నత విద్య మీదే పడుతుంది. చమురు ధర పతనం ఆయన చేతిలో లేదు. గుస్తావ్ తుపాను వేళ యంత్రాంగాన్ని సమర్థంగా నడిపారు, అధికారుల ఆస్తుల వెల్లడి నిబంధనలను కఠినం చేశారు. ఇవన్నీ నిజాలే. అయితే, కత్తెర ఎక్కడ పడుతుందో ముందే తెలిసి కూడా రాబడిని తగ్గించుకోవడాన్ని ఏ తుపాను మీదికి నెట్టగలరు?

అమెరికాలోని మన తెలుగువారికి ఈ కథ కొత్తగా అనిపించకూడదు. ఉస్మానియాలోనో, ఆంధ్ర విశ్వకళా పరిషత్తులోనో, వరంగల్ ఆర్‌ఈసీలోనో నామమాత్రపు ఫీజుతో పట్టా పుచ్చుకుని, అక్కడి ఏదో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్‌షిప్ మీద ఎంఎస్ చేసి స్థిరపడిన తరం, ఇవాళ అదంతా కేవలం తన రెక్కల కష్టమని పిల్లలకు చెబుతోంది. కష్టం నిజమే, కానీ రెండు దేశాల పన్ను చెల్లింపుదారులు ఆ కష్టం వెనుక నిలబడ్డారు. ఇంటి విందుల్లో ‘మేం కట్టే పన్ను సోమరులకు పోతోంది’ అన్న మాట తేలిగ్గా దొర్లుతుంది. ఇక్కడ మన విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి నిండకపోయినా ఎవరికీ పట్టదు. ఏరు దాటి తెప్ప తగలేసే ఈ బుద్ధికి జిందాల్ ఒక్కరే యజమాని కారు; ఆయన చేతికి అధికారం అందింది, అంతే.

లూసియానా ఓటర్లు త్వరగానే తేల్చుకున్నారు. అంత గట్టి రిపబ్లికన్ రాష్ట్రంలో 2015లో డెమోక్రాట్ అయిన జాన్ బెల్ ఎడ్వర్డ్స్‌ను గెలిపించారు. 2016 జనవరిలో పదవి చేపట్టిన మర్నాడే ఆయన మెడికెయిడ్ విస్తరణ ఉత్తర్వుపై సంతకం చేశారు.

ఇప్పుడు ఒహాయో వంతు. కేరళ మూలాలున్న వివేక్ రామస్వామి గవర్నర్ పదవికి పోటీ చేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. రాష్ట్ర ఆదాయపు పన్నును సున్నాకు దించుతాననడం ఆయన ప్రధాన వాగ్దానాలలో ఒకటి. జిందాల్ కూడా 2013లో ఇదే ప్రతిపాదన తెచ్చి, బదులుగా అమ్మకపు పన్ను పెంచుతాననగానే సొంతవారి నుంచే వ్యతిరేకత రావడంతో వెనక్కి తీసుకున్నారు. మనవాడు గెలుస్తాడా అని ఆరా తీసేవారు, ఆ సున్నాతో ఒహాయోలో ఏ విశ్వవిద్యాలయం నిధులు, ఏ జిల్లా ఆసుపత్రి పడకలు తగ్గుతాయో కూడా అడిగితే బాగుంటుంది.