బందెలదొడ్డి దొరగారికి బహిరంగ లేఖ

మా వీధి మలుపులో తెల్ల యూట్ (వెనక తొట్టి ఉన్న బండి) ఆపుకుని, అద్దం దించి, కాఫీ తాగుతూ వీధంతా ఓ కంట కనిపెట్టే కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) రేంజర్ గారికి,

ఆస్ట్రేలియాలోని పెర్త్ శివారు నుంచి ఓ ఇంటి పన్ను కట్టేవాడు నమస్కరించి రాయునది ఏమనగా. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని మొన్న మంగళవారం మా కారు వైపరు కింద పెట్టి వెళ్లిన కాగితం ద్వారా తెలిసి సంతోషించాము.

ముందుగా ఓ పొరపాటు ఒప్పుకోవాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో రేంజర్ అంటే ఫారెస్ట్ రేంజరే అనుకున్నాను. మాకు తెలిసిన రేంజర్ శేషాచలం అడవుల్లో ఉంటాడు. పేపర్లో ఫొటో పడితే వెనక లారీ, ముందు ఎర్రచందనం దుంగలు, పక్కన తలొంచుకున్న నలుగురు. అందుకని "రేంజర్ వస్తాడు, జాగ్రత్త" అని పక్కింటాయన చెప్పినప్పుడు, ఈ వీధిలో చందనం చెట్టు ఎక్కడుందా అని వెతికాను. (పశ్చిమ ఆస్ట్రేలియాలో చందనం కూడా ఉంది లెండి, అది వేరే సంగతి.) తీరా మీరొచ్చింది మా ఇంటి ముందు గడ్డి మీద నిలబెట్టిన కార్ల కోసం.

ఆ రోజు మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పదకొండు కార్లొచ్చాయి. మనవాళ్లకి ఖాళీ జాగా కనిపిస్తే కారు దానంతటదే ఆగిపోతుంది. మూడు ఫుట్‌పాత్ మీద, రెండు ఎదురింటాయన గడ్డి మీద, ఒకటి రోడ్డు వారగానే గానీ వచ్చే బళ్లకి ఎదురుమొహంగా. లోపల నాలుగో కథలో షావుకారు పడవలోని ధనమంతా ఆకులూ అలములూ అయిపోతోంది. బయట మీరు కాగితాలు రాస్తున్నారు. ఆగి ఉన్న కారు ఎటు చూస్తే ఎవరికేం నష్టమని మా బావమరిది మీతో పది నిమిషాలు వాదించాడు. మీరు ఓపిగ్గా అంతా విని, "నిజమే, మేట్" అని, ఆ కాగితమే చించి అతని చేతిలో పెట్టారు. జరిమానా వేస్తూ ఇంత ఆప్యాయంగా పిలిచే అధికారిని మేం అంతకుముందు చూడలేదు.

ఆ గడ్డి సంగతి మాత్రం నాకు ఇప్పటికీ బోధపడలేదు. రోడ్డుకీ మా హద్దుకీ మధ్య ఉన్న ఆ పట్టీని వెర్జ్ అంటారట. స్థలం మాది కాదు. నీళ్లు పోసేది మేము, కోసేది మేము, ఎండిపోతే వీధిలో పరువు పోయేది మాకు. మా ఊళ్లో కౌలు రైతుకైనా గింజలు మిగిలేవి.

మా నాన్నగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. మీ చొక్కా మీద బ్యాడ్జీ, నడుముకి వాకీటాకీ చూసి "ఎస్సైగారొచ్చార్రా, కుర్చీ వెయ్యి" అన్నారు. పోలీసు కాదు నాన్నా అన్నాను.

"అరెస్టు చేస్తాడా?"

"చెయ్యడు."

"లాఠీ ఉందా?"

"లేదు."

"మరి అడిగితే పేరూ ఊరూ చెప్పాలా?"

"చెప్పాలి. 1995 నాటి లోకల్ గవర్నమెంట్ చట్టం. చెప్పకపోతే అదో కేసు."

"జీతం ఎవరిస్తారు?"

"మనమే. ఇంటి పన్నులో."

నాన్నగారు కాసేపు ఆలోచించి, "అయితే బందెలదొడ్డి ఆయనన్నమాట" అని తేల్చేసి లోపలికి వెళ్లి ప్రసాదం తిన్నారు.

ఆ మాట మీకు తెలియదు గనక చెబుతున్నాను. మా ఊళ్లో చెరువుగట్టు పక్కన నాలుగు గోడల దొడ్డి ఉండేది. ఎవరి గేదె ఎవరి చేలో పడినా తోలుకొచ్చి అందులో పెట్టేవారు. యజమాని వచ్చి బందె కట్టి, మేత ఖర్చు ఇచ్చి విడిపించుకోవాలి. దానికి ఇంగ్లీషువాళ్లు చేసిన చట్టం 1871 నాటిది. దారి తప్పిన కుక్కల్ని మీరు పెట్టే పౌండ్ చూశాక నాన్నగారి మాట నూటికి నూరుపాళ్లు నిజమనిపించింది. అదే గోడ, అదే బందె, అదే మేత ఖర్చు. గేదె బదులు లాబ్రడార్. మీకూ మాకూ చట్టాలు కుట్టిన దర్జీ ఒక్కడే కదా! కాకపోతే మా ఊరి దొడ్డి గోడలు ఎప్పుడో కూలిపోయాయి, గేదెలు దర్జాగా హైవే డివైడర్ మీద నెమరేసుకుంటున్నాయి. మీ దొడ్డికి ఫోన్ నంబరు కూడా ఉంది.

ఇక మా కుక్క విషయానికొస్తాను. పేరు భీముడు. మోకాలి ఎత్తుకి నాలుగు వేళ్లు తక్కువ. మెడ చర్మం కింద చిప్, ఆ చిప్‌కి 15 అంకెల నంబరు. నా ఆధార్‌కి 12 అంకెలే. 1976 నాటి కుక్కల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలంటే వెళ్లాను. ఏడాదికోసారి కట్టేవాళ్లకి అక్టోబరు 31తో గడువు తీరిపోతుందన్నారు. ఈ టెన్షన్ ఎందుకని ఒకేసారి జీవితకాలానికి కట్టేశాను. ఆపరేషన్ అయిన కుక్క కాబట్టి 100 డాలర్లు, కాకపోతే 250 అయ్యేది. అప్పటికి మా పీఆర్ (ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కాగితాలు ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గరే నలుగుతున్నాయి. భీముడికి మాత్రం ఈ రాష్ట్రంలో జీవితాంతం ఉండటానికి అనుమతి వచ్చేసింది. ఆ సాయంత్రం వాడు మమ్మల్ని చూసిన చూపు నేను మర్చిపోలేదు.

మీ మంచి కూడా చెప్పాలి. ఒక జనవరి 26, అంటే ఇక్కడి ఆస్ట్రేలియా డే, రాత్రి బాణసంచా మోతకి భీముడు కంచె కింద నేల తవ్వుకుని పారిపోయాడు. తెల్లారేసరికి మీరు చిప్ చదివి, యూట్ వెనక బోనులో కూర్చోబెట్టి, ఇంటి ముందు దించారు. కాగితం రాయలేదు. "కంచె చూసుకో, మేట్" అన్నారంతే. ఆ రోజు మా ఆవిడ మీకు పులిహోర డబ్బా ఇవ్వబోతే వద్దన్నారు. మా దేశంలో చెయ్యి చాపే అధికారిని తప్పించుకోవడం కష్టం. ఇక్కడ చెయ్యి చాపని అధికారికి కృతజ్ఞత చెప్పడం అంతకన్నా కష్టం.

ఆ తర్వాత నెలకే మొరుగుడు ఫిర్యాదు వచ్చింది.

దీని గురించి కొంచెం వివరంగా రాయక తప్పదు. మీ కౌన్సిల్ ఫిర్యాదుదారుడికి ఓ పట్టిక ఇస్తుంది. తేదీ, మొదలైన సమయం, ఆగిన సమయం, ఎలా మొరిగింది, మీకు కలిగిన ఇబ్బంది ఏమిటి, ఇన్ని గళ్లు. మా వీధిలో ఎవరో మహానుభావుడు 14 రోజులపాటు పెన్ను పట్టుకుని కూర్చుని భీముడి మొరుగుడంతా రాశాడు. నేను రెండు డిగ్రీలు చేశాను, పద్నాలుగు రోజులు వరసగా నోట్సు రాసిన పాపాన పోలేదు. మా తాతగారి జీవితం గురించి ఇంట్లో ఒక్క కాగితం లేదు. భీముడికి మాత్రం రోజువారీ చరిత్ర ఉంది, అదీ నిమిషాలతో సహా, కౌన్సిల్ రికార్డుల్లో.

ఎవరు రాశారో మీరు చెప్పరు. గోప్యత అన్నారు. అప్పటినుంచి నేను మూడిళ్లవాళ్లని చూసి ఒకే రకంగా నవ్వుతున్నాను. దవడ నొప్పి పుడుతోంది.

మా ఊళ్లో అయితే ఇదంతా అర పూట పని. పక్కింటి పిన్నిగారు గోడ మీదనించి తల పెట్టి, "ఏమే, మీ కుక్కకి రాత్రిళ్లు నిద్ర లేదా, మాకూ లేకుండా చేస్తోంది" అని అరుస్తుంది. మా అమ్మ "మీ ఆయన గురకకే అది లేస్తోంది వదినా" అంటుంది. నాలుగు రోజులు మాటలుండవు. ఐదో రోజు కరివేపాకు కోసం పిల్లాణ్ణి పంపుతారు. ఇక్కడ ఆ గోడ స్థానంలో మిమ్మల్ని నిలబెట్టారు, రేంజర్ గారూ. ఇటునించి ఒకరు మిమ్మల్ని తిడతారు, అటునించి ఒకరు. మీరు రెండు వైపులా "మేట్" అంటారు.

అందుకే మీ ఫోను ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. మీ పని కానివి కూడా మీ నెత్తినే. పార్టీ గోల అంటే 131 444 పోలీసులు. కంగారూకి దెబ్బ తగిలితే వన్యప్రాణుల వాళ్లు. పక్కింటి ఏసీ మోత అంటే కౌన్సిల్‌లోనే ఆరోగ్య విభాగం. ఇద్దరి మధ్య కంచె ఖర్చు ఎవరెంత అంటే, బాబూ, మీరూ మీరూ తేల్చుకోండి. ఇవన్నీ మీరు ఫోన్లో చెబుతుంటే విన్నాను. యూట్ అద్దం దించి ఉంటుంది గదా.

నిప్పు విషయంలో మాత్రం మీతో హాస్యం ఆడను. ఏటా ఎండాకాలానికి ముందు ఫైర్‌బ్రేక్ (మంట పాకకుండా గడ్డి చెక్కిన పట్టీ) నోటీసు వస్తుంది. 1954 నాటి బుష్ ఫైర్స్ చట్టం. ఖాళీ స్థలమైతే చుట్టూ ఇంత వెడల్పు చెక్కాలి, ఇంటి స్థలమైతే గడ్డి ఇన్ని సెంటీమీటర్లు మించకూడదు, గడువు లోపల చెయ్యకపోతే చలానా. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోని స్కేలు తీసుకుని పెరట్లో బోర్లా పడుకుని కొలిచాను. నవ్వుకున్నాను కూడా. తర్వాత 2021 ఫిబ్రవరిలో పెర్త్ దగ్గరి వూరులూలో మంటలు లేచి 86 ఇళ్లు కాలిపోయాయి. అప్పుడు పెర్త్ అంతా కోవిడ్ లాక్‌డౌన్‌లో ఉంది, ఇంట్లో ఉండమని ఒకరు, ఇల్లు వదిలి పారిపొమ్మని ఒకరు. మా కారు మీద కూడా బూడిద పడింది. మరుసటి ఏడు స్కేలు తియ్యలేదు, గడ్డి మొదలంటా కోసేశాను.

అయితే మా భోగి మాటేమిటి? మీ లెక్కలో జనవరి నడి వేసవి. మా కౌన్సిల్ పరిధిలో డిసెంబరు నుంచి మార్చి దాకా ఆరుబయట మంట వెయ్యకూడదు. అందులోనూ టోటల్ ఫైర్ బ్యాన్ ఉన్న రోజైతే 25,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. పిడకల దండకి అంత ఖరీదు మా చరిత్రలో ఎవరూ కట్టలేదు. అందుకని మా తెలుగు సంఘం వాళ్లు ఎర్ర పట్టు రిబ్బన్లు కట్టి, కింద టేబుల్ ఫ్యాను పెట్టి, లోపల నారింజ రంగు బల్బులు వేశారు. నలభై డిగ్రీల ఎండలో పిల్లలు దాని చుట్టూ చేరి చలి కాచుకున్నట్టు ఫొటోలు దిగారు. మీరు కూడా వచ్చి, ఫ్యాను ప్లగ్గు దాకా పరీక్షించి, బావుందన్నారు.

నాకు ఇంకో సందేహం. ఇదే రాష్ట్రంలో ఈస్ట్ పిల్బరా అని ఓ షైర్ (అదీ ఓ కౌన్సిల్ పరిధే) ఉంది. విస్తీర్ణం 3.7 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఆంధ్రా, తెలంగాణ కలిపినా 2.75 లక్షలే. అక్కడి రేంజర్ ఓ కుక్క వెనక బయల్దేరితే ఇచ్ఛాపురంలో మొదలుపెట్టి ఆదిలాబాద్‌లో పట్టుకున్నట్టే. అదే పెర్త్‌లో పెప్పర్‌మింట్ గ్రోవ్ అని ఇంకో షైర్, మొత్తం చదరపు కిలోమీటరు చిల్లర. అక్కడ కుక్క గట్టిగా పరిగెత్తితే పక్క కౌన్సిల్ కేసయిపోతుంది. రెండు చోట్లా ఉద్యోగం పేరు రేంజరే. మీకు బదిలీ ఇస్తామంటే ఎటు వెళ్తారో మాత్రం నాకు తెలుసు. ఆ పిల్బరాలో ఫోన్లు తక్కువ.

చివరగా, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం.

మా వెనకింట్లోకి ఏడాది కిందట భీమవరం వైపు కుటుంబం దిగింది. చాలా మంచివాళ్లు. మా ఆవిడకి ఆవిడ వరసకి అక్క కూడా అవుతుందని ఇద్దరూ కూర్చుని కనిపెట్టారు. గుడ్ల కోసమని ఐదు కోడిపిల్లలు తెచ్చుకున్నారు. మన కౌన్సిల్ నిబంధనల్లో పెట్టలు ఉండొచ్చు, పుంజు ఉండకూడదు. ఐదింట్లో ఒకటి పుంజయింది. దాన్ని చూసి వాళ్లాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. డేగ అన్నాడు. సంక్రాంతికి మా ఊళ్లో అయితే లక్షలు పలికేదన్నాడు. ఆ జాతి పుంజు మీద రేంజర్‌కి ఫిర్యాదు చేసేవాడు మనిషేనా అని నేను కూడా అన్నాను, వాళ్లింట్లో కాఫీ తాగుతూ.

దయచేసి దీంతో జతపరిచిన పట్టిక చూడగలరు. 14 రోజులు. తెల్లవారుజామున 3:52, 4:05, 4:11, అలా ఉంటుంది. "మీకు కలిగిన ఇబ్బంది" అన్న గడిలో జాగా చాలక వెనక వైపు కూడా రాశాను. నా పేరు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ బయటపెట్టకండి.

వెంటనే రావద్దు. ఈ ఆదివారం వాళ్లింట్లో మాకు భోజనం. నాటుకోడి పులుసు అని మా ఆవిడ చెప్పింది. సోమవారం కూడా కూత వినిపిస్తే అప్పుడు నేనే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
భీముడి గారి తాలూకు మనిషి