సూర్యుడికి ఏడు గుర్రాలు, నాకు ఇరవై

నా మీద మన ప్రభుత్వానికి ఉన్న నమ్మకం మా ఇంట్లో ఎవరికీ లేదు. ఊరికే అనడం లేదు, రుజువు నా జేబులోనే ఉంది. 2001లో, నాకు పాతికేళ్లప్పుడు, ఒక మైదానంలో సున్నంతో గీసిన ఎనిమిది అంకె మీద స్నేహితుడి వంద సీసీ బండి నడిపి చూపించాను. ఇంగ్లీషు ఎనిమిది అయితే రెండు సున్నాలు అతుక్కుని చక్కగా మూసుకుపోతుంది. తెలుగు ఎనిమిది అలా కాదు. ౮ అని నోరు తెరుచుకునే ఉంటుంది. ఆ రోజు నేను వేసింది అచ్చతెలుగు ఎనిమిది. మధ్యలో రెండుసార్లు కాలు నేలకి ఆనింది కూడా. పరీక్ష పెట్టిన పెద్దమనిషికి భాషాభిమానం ఎక్కువై ఉంటుంది, పాస్ చేసేశారు.

అలా వచ్చిన లైసెన్సు కార్డు మీద గేరున్న మోటారు సైకిలు నడపవచ్చని ఉంది. ఎన్ని సీసీలని లేదు. వంద సీసీ మీద ఆ అవకతవక ఎనిమిది వేసిన మనిషి, రేపు పొద్దున్న 650 సీసీ బండెక్కి మా శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోకి దర్జాగా దూసుకెళ్లవచ్చు. చట్టం దృష్టిలో రెండూ ఒకటే. ఇంగ్లండులో చదువుకుంటున్న మా మేనల్లుడికి ఈ సంగతి చెబితే ఫోనులో కాసేపు మాట్లాడలేదు. అక్కడ పదిహేడేళ్లకి 125 సీసీ, పందొమ్మిదికి ఇంకో పరీక్ష రాసి 35 కిలోవాట్ల లోపు బండి, మెట్టుమెట్టూ ఎక్కకుండా ఏకంగా పెద్ద బండే కావాలంటే ఇరవై నాలుగు నిండాలట. "మావయ్యా, ఇక్కడ బండి కొనడం కన్నా దానికి అర్హత సంపాదించడమే కష్టం" అన్నాడు. పాపం, వాడిని నమ్మే ప్రభుత్వం లేదు.

ఇక నా సంగతి. 2010లో కొన్న నా స్ప్లెండర్‌కి పదిహేనేళ్లు నిండాయి. నంబరు ఏపీ 30 అని ఉంటుంది. రాష్ట్రమంతటికీ ఒకే 39 రాకముందు, బండిని చూడగానే ఇది మన శ్రీకాకుళం జిల్లాదని తెలిసేది. పదిహేనేళ్లకి ఆర్‌సీ గడువు తీరుతుంది కనుక బండిని మళ్లీ చూపించి రెన్యూవల్ చేయించాలి. ఆ టెన్షన్‌లో ఉండగా మా బావమరిది వచ్చి, "ఏటి బావా, ఇంకా ఈ డొక్కుకేనా ఖర్చు పెడతావు? బుల్లెట్టు తీసుకో" అన్నాడు. చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. నాకు మూడు రోజులు నిద్ర లేదు.

మనిషన్నాక ఆలోచించాలి కదా. మా ఇల్లు అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దారిలో. ఆ గుళ్లో కొలువున్న స్వామి రథానికి ఏడే గుర్రాలు. ఆ ఏడింటితోనే ఆయన లోకమంతా రోజూ తిరిగి వస్తున్నాడు, ఒక్కరోజు సెలవు లేదు, ఒక్కరోజు లేటు లేదు. నా స్ప్లెండర్ బలం ఎనిమిది హార్స్ పవర్‌కి కాస్త తక్కువ, అంటే ఈపాటికే నేను దేవుడి కంటే ఓ ముప్పాతిక గుర్రం ముందున్నాను. ఇప్పుడు డే అండ్ నైట్ జంక్షన్ దాటి ఆఫీసుకి పోయి ఫైళ్లు కట్టడానికి నాకు ఇరవై గుర్రాలు కావాలి. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అవసరాలకి జవాబులుంటాయి గానీ కోరికలకి ఉండవు.

షోరూముకి వెళ్లాను. బండి బరువు 195 కిలోలు. సెంటర్ స్టాండు వేసి చూడమన్నారు. ఇది కోడి రామమూర్తి నాయుడు పుట్టిన గడ్డ. ఏనుగుని గుండెల మీదకి ఎక్కించుకుని, కార్లని గొలుసులతో పట్టి ఆపిన ఆ కలియుగ భీముడి పేరున్న స్టేడియం పక్కనుంచే నేను రోజూ ఆఫీసుకి వెళ్తాను. ఆ గాలి కాస్తయినా సోకి ఉంటుందనుకున్నాను. లేదు. షోరూము కుర్రాడు ఒంటిచేత్తో సాయం పట్టి, "మొదట్లో అందరికీ ఇలాగే ఉంటుంది సార్" అన్నాడు. 2021లో లైసెన్సు రెన్యూవల్‌కి నలభై దాటిన వాళ్లు డాక్టరు సర్టిఫికెట్ తేవాలంటే తెచ్చాను. డాక్టరు కళ్లు చూశారు, చెవులు చూశారు. నడుం మాత్రం ఎవరూ చూడలేదు.

సరే, లైసెన్సు శాఖ నమ్మింది. నమ్మనిది బీమా శాఖ. ఇద్దరూ ఒకే చట్టం కింద పనిచేస్తారు గానీ నా విషయంలో అత్తా కోడళ్లే. లైసెన్సుకి సీసీలతో పనిలేదు, బీమాకి సీసీలే ప్రాణం. 2022 జూన్ నుంచి ఉన్న థర్డ్ పార్టీ రేట్లు, అంటే మన బండి వల్ల అవతలి వాళ్లకి జరిగే నష్టానికి కట్టే బీమా, చూడండి. 75 నుంచి 150 సీసీ దాకా ఏడాదికి 714 రూపాయలు. 350 దాకా 1,366. అది దాటితే 2,804. మీద పద్దెనిమిది శాతం పన్ను. కొత్త బండికైతే ఏటా కాదు, ఐదేళ్లకీ ఒకేసారి కట్టాలి. 2018లో సుప్రీంకోర్టు అలా చెప్పింది, ఎందుకంటే మనం మొదటి ఏడాది కట్టి తర్వాత బండి ఉందన్న సంగతే మరిచిపోతాం. మన నిలకడ ఢిల్లీ దాకా తెలిసిపోయింది. ఆ ఐదేళ్ల లెక్కలో 350 లోపు బండికి 7,365, దాటిన బండికి 15,117.

ఇందులో ఒక సొగసు గమనించారా? నేను చూసొచ్చిన బండి 349 సీసీ. బాటా చెప్పుల ధరలా లేదూ? బీమా రేటు 350 దగ్గర మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా అక్కడే మారుతోంది, ఆ లోపు పద్దెనిమిది శాతం, దాటితే నలభై. ఇంజనీరింగంటే లెక్కలని మా లెక్కల మాస్టారు అంటుంటే ఏ లెక్కలో అప్పుడు తెలియలేదు.

ఇంకో ముచ్చట. పదిహేనేళ్లలో నేను ఎవరినీ గుద్దలేదు, ఒక్క క్లెయిమూ చేయలేదు. క్లెయిమ్ లేనివాడికి బోనస్ ఉంటుందని, ఐదేళ్లు గడిస్తే యాభై శాతం దాకా తగ్గిస్తారని, బండి మారినా ఆ బోనస్ మనిషితోనే వస్తుందని విని ఎంతో ఆశగా అడిగాను. నిజమేనట. కాకపోతే అది సొంత నష్టానికి పాలసీ ఉన్నవాళ్లకి. నేను ఇన్నేళ్లూ కట్టింది థర్డ్ పార్టీ ఒక్కటే. దానికి బోనస్ ఉండదు. పదిహేనేళ్ల నా బుద్ధిమంతతనం ఏ పుస్తకంలోనూ జమ కాలేదు.

ఈసారి ఆ పొరపాటు చేయకూడదని పూర్తి పాలసీయే అడిగాను. అప్పుడు బండి విలువ ఎలా కడతారో చెప్పారు. ఆరు నెలల దాకా ఐదు శాతం తరుగు, ఏడాదికి పదిహేను, రెండేళ్లకి ఇరవై, అలా ఐదో ఏడు ముగిసేసరికి సగం. నాకు ఇది కొత్తగా అనిపించలేదు. అత్తారింట్లో అల్లుడి లెక్క అచ్చం ఇదే. మొదటి సంక్రాంతికి నాటుకోడి, పట్టె మంచం. రెండో సంక్రాంతికి బాయిలర్ కోడి. ఐదో సంక్రాంతికి "బాబూ, ఊరికే కూర్చున్నారు కదా, ఆ గ్యాస్ బండ పట్టుకొచ్చేద్దురూ" అంటారు. నాకైతే తరుగు ఇంకా ముందే మొదలైంది, అది వేరే కథ.

చివరి ఘట్టం మా ఆవిడది. ఆవిడ టీచరు. అప్పు ఆవిడ జీతం మీద తక్కువ వడ్డీకి వస్తుంది కనుక బండి ఆవిడ పేరునే రాయించాలని తేలింది. కాగితాలన్నీ ముందేసుకుని, ఎర్ర పెన్ను చేత్తో పట్టుకుని చదివింది. నేను పదిహేనేళ్లుగా బీమా కడుతున్నాను గానీ పాలసీ చదవడం అనే పని ఉంటుందని నాకు తెలియదు.

"ఏటండీ, ఈ పదిహేను లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్-డ్రైవర్‌కే అట. ఓనర్ని నేను. లైసెన్సు ఉండాలట. నాది గేరు లేని బండి లైసెన్సే కదా?"

"అవును."

"మీరు నడిపితే మీరు ఓనరు కారు."

"కాను."

"థర్డ్ పార్టీ?"

థర్డ్ పార్టీ అంటే నేను గుద్దే మనిషి. నన్ను నేను గుద్దుకోలేను. ఓనరు కాను, థర్డ్ పార్టీ కాను, మరి నేనెవరిని? రమణ మహర్షి జీవితమంతా అడగమన్న ప్రశ్న నాకు రెండో పేజీలోనే ఎదురైంది.

ఆవిడ మర్నాడే లెర్నర్స్‌కి దరఖాస్తు పెట్టింది. నెల ఆగి పరీక్షకి వెళ్లింది. నా స్ప్లెండరే తీసుకెళ్లింది. గట్టు పక్కన నిలబడి చూశాను. కాలు కింద పెట్టలేదు, గీత తొక్కలేదు, రెండు సున్నాలూ గుండ్రంగా చుట్టి బయటికి వచ్చింది. ఇంగ్లీషు ఎనిమిది. మాతృభాష మీద ఆ మనిషికి మొదట్నుంచీ గౌరవం తక్కువే.

బండి వచ్చింది. అరసవల్లిలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. తాళం తీసుకోబోతే ఆవిడ ఎర్ర గీత గీసిన ఇంకో వాక్యం చూపించింది. పూర్తి పాలసీలో వెనక కూర్చున్న మనిషికి కూడా రక్షణ ఉంటుందట. నడిపితే నేను ఎవరినీ కాను, వెనక కూర్చుంటే మాత్రం ఒక మనిషిని.

హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కాను. ఏడురోడ్ల కూడలి దగ్గర అడ్డొచ్చిన ఆటో వాడిని మా ఆవిడ ఒక్క చూపు చూసింది. ఇరవై గుర్రాలూ హారన్ కొట్టకుండానే ముందుకు పోయాయి.