వృద్ధుల సంరక్షణ హోమ్ రిసెప్షన్‌లోని చేపల తొట్టి గారికి

నమస్కారం.

నేను గుర్తుండకపోవచ్చు. మీకెదురుగా ఉన్న బూడిదరంగు సోఫాలో, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కాళ్ళు ఊపుతూ కూర్చున్నవాణ్ణి. గోల్డ్‌ఫిష్‌కి మూడు సెకన్ల జ్ఞాపకమే అని లోకం అంటుంది గానీ అది వట్టి అపవాదు, నెలల తరబడి గుర్తుపెట్టుకుంటాయట. ఆ లెక్కన మీలో తిరిగే ఆరు ఎర్రచేపలే ఆ బిల్డింగులో అందరికన్నా జ్ఞాపకశక్తి ఉన్నవి. మేనేజర్ గారిని కూడా కలుపుకునే చెబుతున్నాను. మొదటిసారి నేనడిగిన నాలుగు ప్రశ్నలూ రెండోసారి వెళ్ళేసరికి ఆయన మర్చిపోయారు.

వచ్చింది మా మేనత్త కోసం. వయసు 81. వరంగల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ట్రంక్ ఆపరేటర్‌గా, అంటే దూరపు ఊళ్ళకు ఫోన్లు కలిపే పని చేసి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు, నన్నూ మా తమ్ముణ్ణీ ఆమే చదివించింది. డిమెన్షియా అని తేలి ఆరేళ్ళయింది. మొదట్లో తాళాలు, తర్వాత తారీకులు, ఇప్పుడు మనుషులు. సాయంత్రం అయిదున్నర అయిందంటే చాలు, హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. "డ్యూటీకి లేటయితాంది, తలుపు తియ్యి." రెండుసార్లు తలుపు మేం తియ్యకుండానే వెళ్ళిపోయింది. రెండోసారి రాత్రి పదకొండుకు ఉప్పల్ బస్టాండులో దొరికింది. ఇంట్లో ఉంచుకోలేమని ఆ రాత్రే తేలిపోయింది. "ఇంతమంది ఉండి హోమ్‌లో పడేస్తారా?" అన్న బంధువులు ఉన్నారు. వాళ్ళింట్లో ఆమె ఉన్నది మొత్తం మూడు రోజులు.

అయిదు వారాల్లో ఏడు హోములు తిరిగాను. ఏడింట్లో అయిదుచోట్ల నాకు ముందుగా ఎదురైంది మీ వంశమే. నీలం లైటు, బుడగలు, అడుగున ప్లాస్టిక్ శంఖం. ఎంత ప్రశాంతం! నిజం ఒప్పుకోవాలి కదా, మొదటి రెండు చోట్ల నేనూ మిమ్మల్ని చూసే పడిపోయాను. డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి వీడియో కాల్ చేసి, ఫోను మీ వైపు తిప్పి రెండు నిమిషాలు చూపించాను. "సూపర్ ఉందన్నా, ఫిక్స్ చేసెయ్" అన్నాడు. నెలకు 55 వేలు, డిపాజిట్ వేరే, డైపర్లు వేరే, మందులు వేరే. డబ్బు అక్కణ్ణుంచి రావాలి, తృప్తి ఇక్కణ్ణుంచి పోవాలి. ఆ తృప్తిని సరఫరా చేసేది మీరే. ఆ సంగతి మీకంటే ముందు మిమ్మల్ని కొన్నవాళ్ళకు తెలుసు.

రెండోసారి వచ్చినప్పుడు మీ పక్కన గోడకు అతికించిన కాగితం చదివాను. ఉదయం 8కి మేత, సాయంత్రం 6కి మేత, శనివారం నీళ్ళ మార్పు, ఫిల్టర్ క్లీనింగ్. ప్రతి గడిలో సంతకం, ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. చెప్పొద్దూ, అసూయ కలిగింది. లోపల ఉన్నవాళ్ళకి కూడా ఇలాంటి కాగితం ఉందా అని అడిగాను. ఎవరు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగారు, ఎవరికి మోషన్ అయింది, మంచంలోంచి లేవలేనివాళ్ళని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పారు? "అదంతా సిస్టమ్‌లో ఉంటుంది సార్" అన్నారు మేనేజర్. సిస్టమ్ ఆరోజు ఆన్ అవలేదు. ఆ నీళ్ళ లెక్క గురించి ఎందుకంత పట్టుదల అంటారా? ఈ జబ్బులో దాహం వేసిందని చెప్పడం కూడా మర్చిపోతారు. నీళ్ళు తగ్గితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దాంతో మాట తడబాటు, లేనిపోని భయాలు. "మీ అత్తకు జబ్బు ముదిరింది" అంటారు. కావలసింది మాత్రం ఒక గ్లాసు నీళ్ళు, ఒక టెస్టు అయి ఉండొచ్చు.

మా అత్తమ్మ దాహమని చెప్పడం ఇంకా మర్చిపోలేదు. అదే ఇక్కడ చిక్కయింది. ఎలా ఉంటుందో చూద్దామని ఒక పూట తీసుకొచ్చాం కదా, గుర్తుందా, మీ అద్దం మీద వేలితో కొట్టి "హలో, లైన్ల ఉండుండ్రి" అన్నదే, ఆవిడే. లోపల హాల్లో కూర్చోబెట్టాక "దూప, దూప" అంది. పక్కనున్న అమ్మాయి జార్ఖండ్ నుంచి వచ్చి రెండు నెలలయింది. హిందీలో ధూప్ అంటే ఎండ. పాపం ఎంతో ప్రేమగా లేచి వెళ్ళి కిటికీ కర్టెన్ లాగింది. అత్తమ్మ మళ్ళీ "దూప" అంది. రెండో కర్టెన్ కూడా పడింది. మేనేజర్ గారిది గుంటూరు వైపు. ఆయనకూ మేం చెప్పేదాకా తెలియలేదు, మా పరకాలలో దాహాన్ని దూప అంటామని.

ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అనను. పన్నెండు గంటల డ్యూటీ, పద్నాలుగు మంది పేషెంట్లు. కానీ ఇక్కడో విచిత్రం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా పేషెంట్లను చూసి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక్క భాషే వచ్చినవాళ్ళ కన్నా రెండు, అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయట. మా అత్తమ్మది ట్రంక్ లైను బతుకు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు, ఒకే నిమిషంలో మూడూ. ఆ నాలుగున్నరేళ్ళు ఆమెకు కలిసొచ్చాయనే అనుకుంటాను. ఇప్పుడు ఇంగ్లిషు పోయింది, ఉర్దూ ముక్కలైంది, మిగిలింది పరకాల తెలుగొక్కటే. ఆ తెలుగు వచ్చినవాళ్ళు రాత్రి షిఫ్టులో ఎవరున్నారని అడిగితే మీ వాళ్ళు బ్రోచర్ తీసి యోగా హాలు చూపించారు.

మీ చుట్టూ పరిచిన టైల్స్ సంగతి. మాకు అద్దంలా మెరుస్తాయి, అత్తమ్మకు అవి నీళ్ళు. గుమ్మంలోనే చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుంది, చెరువు దాటేదానిలా. లిఫ్టు ముందు వేసిన నల్ల మ్యాట్ దగ్గర పూర్తిగా ఆగిపోయింది, అది గుంట అని ఆమె నమ్మకం. ఈ జబ్బులో రంగుల తేడా, లోతు సరిగ్గా ఆనవు. మధ్యాహ్నం తెల్ల ప్లేటులో పెరుగన్నం పెట్టారు. కలిపినంత తిని సగం వదిలేసింది. "పెద్దావిడకి ఆకలి తక్కువ సార్" అన్నారు. ఇంటికొచ్చాక అదే పెరుగన్నం ఎర్ర ప్లేటులో పెడితే గీకి తింది. కోట్లు పోసి కట్టినవాళ్ళకు ఒక ప్లేటు రంగు తట్టలేదు.

ఒక ఆదివారం సాయంత్రం ఆరున్నరకు, ఎవరికీ చెప్పకుండా వచ్చాను. "ఆరు దాటాక విజిటర్స్‌కి పర్మిషన్ లేదు సార్, వాళ్ళు డిస్టర్బ్ అవుతారు" అన్నారు. సరిగ్గా ఆ టైముకే కదా నేను రావలసింది? చాలా ఇళ్ళల్లో పొద్దు గూకే వేళకే ఈ జబ్బు విజృంభిస్తుంది. తిరుగుతారు, ఏడుస్తారు, ఇంటికి పోతామంటారు. గొడవపడి లోపలికి వెళ్ళాను. ఎవరూ తిరగడం లేదు. ఎవరూ ఏడవడం లేదు. ఆరున్నరకే హాల్లో అందరూ నిద్ర. మెలకువగా ఉన్నది మీ చేపలే.

ఏం ఇచ్చారని అడిగితే "చిన్న మాత్ర సార్, ప్రశాంతంగా ఉంటారు" అన్నారు. ఆ కోవ మందులు (యాంటీసైకోటిక్స్, అంటే తీవ్ర మానసిక జబ్బులకు వాడేవి) డిమెన్షియా ఉన్న ముసలివాళ్ళలో మరణం ముప్పును పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే మందు వివరాల పత్రంలో నల్ల గీతల చట్రం గీసి మరీ హెచ్చరిక రాయించింది, 2008లో పాతతరం మందులకూ దాన్ని వర్తింపజేసింది. ఏ దారీ లేనప్పుడు డాక్టరు చూసి కొన్నాళ్ళు ఇస్తారు, అది వేరు. సాయంత్రం షిఫ్టులో ఇద్దరే ఉన్నారని పద్నాలుగు మందికీ పంచడం వేరు. ఒక పెద్దాయన్ని చున్నీతో కుర్చీకి కట్టి ఉంచారు. పడిపోతాడనట. 2017 మానసిక ఆరోగ్య చట్టం మానసిక అనారోగ్యానికి చెప్పిన అర్థంలో జ్ఞాపకం దెబ్బతినడం కూడా ఉంది. దాని 97వ సెక్షన్ ప్రకారం, వెంటనే హాని జరిగే పరిస్థితిలో వేరే మార్గం లేకపోతేనే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే మనిషిని కట్టాలి. స్టాఫ్ తక్కువన్న సాకు కుదరదని విడిగా రాసి మరీ పెట్టారు. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా అన్నాను. ట్రేడ్ లైసెన్సు చూపించారు. ఫ్రేము చాలా బాగుంది.

వృద్ధుల సంరక్షణ హోములకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే ఆ లోక్‌సభ ముగిసిపోయింది. మీకు మాత్రం శనివారం శనివారం ఇన్‌స్పెక్షన్ తప్పదు. అదృష్టవంతులు.

ఇక ఏడో హోమ్. సందు చివర పాత రెండంతస్తుల ఇల్లు, పన్నెండు మంది. సోఫా లేదు, రిసెప్షన్ లేదు. నడిపేది ఒక రిటైర్డ్ నర్సమ్మ. నేను వెళ్ళేసరికి వరండాలో ఒకావిడకి కాలిగోళ్ళు తీస్తోంది. "ఇంకా ఇద్దరున్నరు, కూసోండి" అంది. తర్వాత నా ఫైలు పక్కన పెట్టించి నలభై నిమిషాలు నన్నే అడిగింది. ఆమెను ఏమని పిలిస్తే పలుకుతది? చాయా, కాఫీయా? ఏ పక్కకు తిరిగి పండుకుంటది? బాత్రూమ్ వచ్చినప్పుడు నోటితో చెప్తదా, చీర సర్దుకుంటదా? దేనికి భయపడతది? నిద్ర పట్టకపోతే మీరేం చేస్తరు? మిగతా ఆరుచోట్లా అడిగింది నేను. ఇక్కడ నీళ్ళు నమిలింది నేను. చివరి ప్రశ్నకు మా ఆవిడకు ఫోన్ చేయాల్సి వచ్చింది.

స్వర్గమేం కాదు. లిఫ్టు లేదు, బాత్రూములో రెండు టైల్స్ పగిలాయి. రాత్రి పూట పన్నెండు మందికీ ఒకే ఆయమ్మ. దాని గురించి ఇప్పటికీ నాకు టెన్షనే, నర్సమ్మతో వాదిస్తూనే ఉన్నాను. కానీ పొద్దు గూకే వేళ ఎవరినీ పడుకోబెట్టరు, చిక్కుడుకాయలు ముందేసి ఈనెలు తీయిస్తారు. ఒకావిడ తీసినవి మళ్ళీ బుట్టలో కలిపేస్తుంది. ఎవరూ ఏమీ అనరు.

మీ బంధువు ఒకరు అక్కడా ఉన్నారండీ, చెప్పడం మరిచాను. మెట్ల కింద, నీళ్ళు లేకుండా, అద్దానికి ఓ మూల పగులుతో. చేపలు ఎప్పుడో పోయాయట. లోపల చూస్తే రెండు కళ్ళజోళ్ళు, ఒక పళ్ళసెట్టు, నాలుగు చెంచాలు, టీవీ రిమోట్. ఇదేంటని అడిగాను. "పైరూము తాత దాస్తడు సార్. ఎవరిది ఏది కనబడకపోయినా మేం ముందుగాల అండ్లనే చూస్తం" అంది ఆయమ్మ, రిమోట్ తీసి కొంగుతో తుడుస్తూ.

అత్తమ్మ అక్కడ చేరిన నాలుగో రోజు చూడ్డానికి వెళ్ళి, వచ్చేటప్పుడు జేబు తడుముకుంటే స్కూటర్ తాళాలు లేవు. నేను వెతకడం మొదలుపెట్టకముందే ఆయమ్మ మెట్ల కిందికి వంగింది. తాళాల మీద అత్తమ్మ హ్యాండ్‌బ్యాగు ఉంది.

ఇట్లు,
మీ పాత అభిమాని