ఎరెఖ్థియాన్ కూలీ లెక్కలు చూపించేవాళ్లు ఈ రెండో రాయి కూడా చదవాలి

"ప్రాచీన ఏథెన్స్‌లో బానిసకూ పౌరుడికీ ఒకటే కూలీ, ఎంత గొప్ప సమాజమో చూడండి" అనే పోస్టు మళ్లీ మళ్లీ కంటపడుతోంది, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

ఆధారం నిజమైనదే. ఏథెన్స్ నడిమధ్య కొండ అక్రోపోలిస్ మీద ఎరెఖ్థియాన్ గుడి కట్టడానికి క్రీ.పూ. 409 నుంచి అయిన ఖర్చులు రాతిమీద చెక్కించారు. రంపం పనివాళ్లకు రోజుకు ఒక డ్రాక్మా (అప్పటి వెండి నాణెం), ఆర్కిటెక్టుకూ దాదాపు అంతే. స్తంభాలకు నిలువు గాడులు చెక్కిన ఒక జట్టులో సిమియాస్ ఉన్నాడు, పౌరసత్వం లేకుండా ఏథెన్స్‌లో స్థిరపడ్డవాడు. అతని బానిసలు సిండ్రోన్, సన్నియోన్ కూడా అదే జట్టు. పేరుపేరునా రాసిన మొత్తాలు దాదాపు సమానం. కానీ ఆ పద్దు చెప్పేది ఏ పనికి ఎంత చెల్లించారన్నదే, సన్నియోన్ దగ్గర చివరికి ఎంత మిగిలిందో అందులో లేదు. బానిస సంపాదన మీద హక్కు యజమానిది కాబట్టి జట్టు కూలీలో చాలావరకు సిమియాస్ ఇంటికే చేరి ఉంటుందని నా అభిప్రాయం.

ఇక రెండో రాయి. క్రీ.పూ. 415లో మతద్రోహం కేసుల్లో శిక్షపడ్డ, ఏథెన్స్ సేనాని అల్కిబియాడిస్ లాంటివాళ్ల ఆస్తులు జప్తు చేసి వేలం వేశారు, ఆ జాబితాలు చెక్కి అగోరా అనే సంతమైదానం దగ్గరి గుడి ఎల్యుసీనియన్‌లో నిలబెట్టారు. ఏథెన్స్ రేవు పిరయస్‌లో ఉండే కెఫిసోడోరస్ ఆస్తీ అలాగే పోయింది, అతని పేరు కింద వేలానికి పెట్టిన పదహారుమంది మనుషులున్నారు. ఒక వరసలో అమ్మకం పన్ను, పక్కన ధర, ఆ పక్కన సరుకు: థ్రేస్ స్త్రీ 165 డ్రాక్మాలు, మరో థ్రేస్ స్త్రీ 135, సిరియా మగవాడు 240, కరియా పిల్లవాడు 72. సన్నియోన్‌కు కనీసం పేరైనా ఉంది, వీళ్లకు అదీ లేదు, ఏ దేశంవాళ్లో అంతే. సోక్రటీస్ అదే ఊళ్లో తిరుగుతున్న రోజులివి!

ఈ రెండు రాళ్ల మధ్య పట్టుమని పదేళ్లు లేవు, అందుకే పక్కపక్కన పెట్టి చదవమంటున్నాను. రోజుకు డ్రాక్మా చొప్పున గుడి పనిలో 72 రోజుల కూలీ పెడితే ఒక పిల్లవాడు వచ్చేస్తాడు. వేలం కాబట్టి ధరలు సంతలో కంటే కాస్త తక్కువ పలికి ఉండొచ్చు, సరే, సంతలో ఇంకో యాభై డ్రాక్మాలు ఎక్కువ అనుకుందాం, అప్పుడు మాత్రం మారేదేముంది? సమాన కూలీ పోస్టు పెట్టేవాళ్లు మొదటి రాయి ఫొటో ఎలాగూ పెడుతున్నారు, కెఫిసోడోరస్ జాబితా కూడా కింద పెట్టండి, మొత్తం పదహారు వరుసలూ.